బీల బంజరా?

శ్రీకాకుళము జిల్లాలోని సోంపేట చెంత బీల యను చిత్తడి నేల కలదు. వాననీటిని కడుపున దాచుకొని యది పొలములకు నీరును, బెస్తలకు చేపలను, పక్షులకు నెలవును ఒసగుచున్నది. ఇట్టి దానికి సర్కారు లెక్కలలో పడిన పేరు బంజరు! అచ్చట 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమును కట్టబూనగా ఊళ్లవా రడ్డుపడిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు అసువులు బాసిరి. ఆనాడే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ అనుమతిని రద్దుచేసెను.

విద్యుత్తు వలదని మేమనము. మన పిల్లలు చదువుకొను దీపమును దానివలననే వెలుగుచున్నది. కాని దాని మూల్యము నెవరు చెల్లింపవలెను? బొగ్గులోని పాదరసము పొగతో, బూడిదతో వెడలి నీట చేరును. చేపల ద్వారా మనుష్యుని చేరును. ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువు లోకమునెల్ల వేడెక్కించును. వేడెక్కిన సముద్రము తుఫానులకు బలమిచ్చును. ఈ తీరమున తుఫాను దెబ్బ యెట్టిదో 2018 అక్టోబరులో తిత్లీ పాలబడిన ఉద్దానపు కొబ్బరితోటలు చూపినవి. తుఫాను వరదను తనలో నిముడ్చుకొనునది బీలయే. రోగమును పెంచుచు మందును పారవేయుట వివేకమా?

ఒక నేలను నిరుపయోగమనుటకు ముందు, ఎవరికి నిరుపయోగమో విచారింపవలసినదిగా చదువరులను కోరుచున్నాము.