మార్ష్‌మెల్లోలో ఏముంది?

తినకూడదని నియమం పెట్టుకున్న పదార్థాన్ని ఒకరు తెలియక తిన్నారనుకుందాం. వాళ్ళకి ఏమీ కాలేదు. కడుపులో నొప్పి రాలేదు, రుచి నచ్చింది, ఇంకో ముక్క అడిగి మరీ తిన్నారు. అక్కడ ఏదైనా తప్పు జరిగినట్టా, జరగనట్టా? జరిగితే ఎవరిది? పోయిన వేసవి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. దీన్ని నా ముందు పెట్టింది ఒక అల్యూమినియం ట్రే, అందులో చదరంగా కోసి పేర్చిన స్మోర్స్ బార్లు.

అమెరికాలో వేసవి క్యాంపులకి వెళ్ళినవాళ్ళకి స్మోర్ తెలియకుండా ఉండదు. పుల్లకి గుచ్చిన మార్ష్‌మెల్లోని మంట మీద కాల్చి, చాక్లెట్ ముక్కతో కలిపి రెండు గ్రాహం క్రాకర్ల మధ్య నొక్కి తింటారు. ‘సమ్ మోర్’ అనే మాటే నలిగి స్మోర్ అయింది. 1927లో గర్ల్ స్కౌట్స్ వేసిన పుస్తకంలో ఈ వంటకం ‘సమ్ మోర్స్’ పేరుతోనే ఉంది. పార్కులో అరవైమంది చేరే పాట్‌లక్‌లో అందరి చేతా పుల్లలు పట్టించడం అయ్యే పని కాదు. అక్కడే బార్లు పనికొస్తాయి. వెన్న, బ్రౌన్ షుగర్, గుడ్డు, మైదా, గ్రాహం క్రాకర్ల పొడి కలిపిన ముద్దని సగం ట్రేలో పరవాలి. దానిపైన చాక్లెట్, ఆపైన మార్ష్‌మెల్లో, మిగిలిన ముద్దతో మూత. 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో దాదాపు అరగంట. జులై నాలుగు పిక్నిక్‌కి ముందురోజు రాత్రే చేసి పెట్టుకోవచ్చు. పులిహోర ట్రే పక్కన పెడితే పిల్లలు ముందు దీని దగ్గరికే వస్తారు.

మార్ష్‌మెల్లో నిజానికి ఒక మొక్క పేరు. చిత్తడి నేలల్లో పెరిగే ఆ మొక్క వేరు నుంచి వచ్చే జిగురుని 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ మిఠాయివాళ్ళు తెల్లసొన, చక్కెరతో కలిపి గిలక్కొట్టేవాళ్ళు. తర్వాత ఆ వేరు స్థానంలోకి జెలటిన్ వచ్చింది. పందుల, పశువుల చర్మాన్నీ ఎముకల్నీ ఉడికించి తీసే ప్రోటీన్ అది. రుచి ఉండదు, వాసన ఉండదు, నాలుకకి అస్సలు దొరకదు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఒక్క మాటగా ఉంటుంది, ఏ జంతువుదో చాలాసార్లు ఉండదు. ఇండియాలో అయితే ఆకుపచ్చ చుక్క ఉందా లేదా అని చూసుకుంటే చాలు. అమెరికాలో అలాంటి గుర్తు తప్పనిసరి కాదు.

ఇందులో ఇంకో తమాషా కూడా ఉంది. గ్రాహం క్రాకర్‌కి ఆ పేరు సిల్వెస్టర్ గ్రాహం (1794–1851) అనే ప్రెస్బిటీరియన్ బోధకుడి వల్ల వచ్చింది. మాంసం, మద్యం, మసాలాలు కోరికలు రేపుతాయని, జల్లించని గోధుమపిండి రొట్టె తిని అదుపులో ఉండమని ఆయన ఊరూరా ప్రసంగాలు చేశాడు. 1850లో అమెరికన్ వెజిటేరియన్ సొసైటీని మొదలుపెట్టినవాళ్ళలో ఆయనా ఒకడు. ఆయన పేరు మోస్తున్న బిస్కట్ల మధ్య ఇవాళ చాక్లెట్టూ, జంతువుల చర్మం నుంచి తీసిన జెలటినూ కరుగుతున్నాయి.

పోయిన జులైలో జరిగింది ఇది. నా స్నేహితురాలి అమ్మగారు ఆర్నెల్లు ఉండి వెళ్దామని విజయవాడ నుంచి వచ్చారు. ఊహ తెలిశాక మాంసం ముట్టలేదు. కేకుల్లో గుడ్డు అయితే పర్వాలేదనేంత వరకూ వచ్చారు. పార్కులో రెండు ముక్కలు తిని, “ఎంత బాగుందమ్మా, ఎలా చేస్తారో కాస్త రాసివ్వు. ఊరెళ్ళాక మనవడికి చేసిపెడతా” అన్నారు నాతో. సాయంత్రం సామాన్లు సర్దుతుంటే, ట్రే తెచ్చినవాళ్ళు “అందులో జెలటిన్ ఉంటుందిగా, ఎవరూ అడగలేదని చెప్పలేదు” అన్నారు మామూలుగా.

కుర్చీలు మడుస్తూ వాదించుకున్నాం. “తెలియనప్పుడు పాపమేముంది? వదిలెయ్” అన్నారు ఒకరు. “చెప్తే ఆవిడకి నిద్ర పట్టదు. ఎవరికి లాభం?” అన్నారు ఇంకొకరు. రెండూ దయతో అన్న మాటలే. నాకు మాత్రం ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయనిపించింది. ఆవిడ తప్పు చేశారా అన్నది ఒకటి. ఆవిడ పట్ల తప్పు జరిగిందా అన్నది రెండోది.

మొదటిది పెద్ద చిక్కు కాదు. జీవక సుత్తంలో బుద్ధుడు, జంతువుని తన కోసం చంపినట్టు చూడక, వినక, అనుమానించక తిన్న భిక్షువుకి దోషం లేదన్నాడు. తెలియకుండా జరిగినదాన్ని తినేవాడి ఖాతాలో రాయకపోవడం చాలా సంప్రదాయాల్లో ఉంది. మరి రెండో ప్రశ్నకి కూడా “తెలియదుగా” అన్న జవాబు సరిపోతుందా? బాధ తెలిస్తేనే నష్టం అనుకుంటే సరిపోతుంది. కానీ నియమం అన్నది నాలుకకి కలిగే అనుభూతి గురించి కాదు. “నా జీవితం ఇలా ఉండాలి” అని ఒక మనిషి తీసుకున్న నిర్ణయం అది. బయట ఏం జరిగిందన్నదాని మీదే అది నిలబడుతుంది లేదా విరుగుతుంది. మెక్‌డొనాల్డ్స్ కథ కూడా ఇదే చెప్తుంది. వేయించే నూనెని శాకాహార నూనెకి మార్చామని 1990లో చెప్పిన ఆ కంపెనీ, అమెరికాలో అమ్మే ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ కలుపుతోందని తేలి, 2001లో కేసులు ఎదుర్కొంది. మరుసటి ఏడు క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఫ్రైస్ తిని జబ్బుపడ్డామని కాదు వాళ్ళ ఫిర్యాదు.

మన భారతంలో శుక్రాచార్యుడి కథ ఉండనే ఉంది. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిద మద్యంలో కలిపి గురువు చేతే తాగిస్తారు. కలిపినవాళ్ళకి తెలుసు, తాగినవాడికి తెలియదు. చివరికి శుక్రుడు పెట్టిన కట్టడి మాత్రం తాగేవాళ్ళ మీద పడింది. బ్రాహ్మణులు ఇక మద్యం ముట్టకూడదన్నాడు. కలిపిపెట్టకూడదు అనే నియమం ఆ కథలోంచి రాలేదు. జాగ్రత్త బరువు ఎప్పుడూ తినేవాళ్ళ నెత్తినే పడుతుంది.

మీలో కొందరికి ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నాకూ వచ్చింది. శాకాహారం మన దగ్గర కులంతో ముడిపడిన విషయం. మాంసం వండుకుంటారని ఇల్లు అద్దెకివ్వనివాళ్ళు హైదరాబాద్‌లో ఇవాళ్టికీ ఉన్నారు. అలాంటి ‘పవిత్రత’కి నేనెందుకు గౌరవం ఇవ్వాలి? ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. ఇల్లు ఇవ్వనివాడు పక్కవాడి పొయ్యిని శాసిస్తున్నాడు. ఈవిడ తన కంచం వరకే మాట్లాడుతున్నారు. ఆవిడ నమ్మకంలో కులం ఉందనిపిస్తే ఎదురుగా కూర్చుని ఆ మాట అంటాను, అన్నాను కూడా. అంతేగానీ ఆవిడకి తెలియకుండా కడుపులోకి పంపించి ఆ వాదన గెలవలేను. పంది జెలటిన్ హరామ్ అయిన స్నేహితుడి విషయంలో నాకున్న లెక్కే ఆవిడ విషయంలోనూ ఉండాలి.

మరి జరిగిపోయాక చెప్పాలా? మన మనసు తేలికపడడానికి చెప్తే అది స్వార్థమే. కానీ ఆవిడ వంటకం రాసివ్వమన్నారు. మార్ష్‌మెల్లో అని రాసిచ్చి ఊరుకుంటే, ఇంతవరకూ మౌనంగా ఉన్నది అబద్ధం అవుతుంది. ఆవిడ తన చేత్తో మనవడికి పెట్టేదాన్ని కూడా మేమే నిర్ణయించినట్టవుతుంది.

కారెక్కే ముందు కూతురు చెప్పేసింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఏ జంతువుదని అడగలేదు, ఏం ప్రాయశ్చిత్తం చేసుకోవాలని అడగలేదు. “మీకెప్పుడు తెలిసింది?” అన్నారు. “ఇప్పుడే అమ్మా, ఒక పావుగంట” అంది కూతురు. “సరే” అన్నారు. ఆ జవాబు “పొద్దున్నే తెలుసు” అయ్యుంటే ఆ “సరే” వచ్చేది కాదనుకుంటాను. ఆ తర్వాత వారం ఇంకో ఇంట్లో భోజనానికి వెళ్తే, ఒక్కో గిన్నె దగ్గరా ఆగి, “ఇందులో ఏం వేశారమ్మా?” అని మెల్లగా అడగడం చూశాను. అంతకుముందు అడిగేవారు కాదు. ఆవిడ పోగొట్టుకున్నది అదే. పెట్టినదాన్ని నమ్మి తినగలగడం.

అందరికీ సరిపడే బార్ చెయ్యడం కుదరదు. సీసాల్లో దొరికే మార్ష్‌మెల్లో ఫ్లఫ్‌లో జెలటిన్ ఉండదు, తెల్లసొన ఉంటుంది. ముద్దలో గుడ్డు ఎలాగూ ఉంది కాబట్టి ఆవిడకి అది పర్వాలేదు, గుడ్డు కూడా తిననివాళ్ళకి పనికిరాదు. హలాల్ మార్ష్‌మెల్లోల్లో పశువులదో చేపలదో జెలటిన్ ఉంటుంది, అది ఆవిడకి కుదరదు. సముద్రపు నాచు నుంచి తీసే క్యారాజీనన్‌తో చేసినవీ ఉన్నాయి, ధర ఎక్కువ. ఏది వాడినా ఎవరో ఒకరు మిగిలిపోతారు. చెయ్యగలిగింది ఏం వేశామో చెప్పడం, అదీ ఎవరైనా అడగకముందే. అడగడానికి అతిథి మొహమాటపడతాడు, వండినవాళ్ళకి చెప్పడానికి ఏ మొహమాటమూ అక్కర్లేదు.

ఈ వేసవి నా ట్రే పక్కన చిన్న చీటీ పెడుతున్నాను: గుడ్డు ఉంది, జెలటిన్ లేదు. అది చదివి పక్క ట్రే దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. కొన్ని ముక్కలు మిగులుతాయి. మిగలనీ.