స్పోర్ట్స్ కారు కొనుక్కోవడం అధర్మమా? యయాతి, అర్జునుడు చెప్పే జవాబు



పోయిన వారం వీడియోలో అపరిగ్రహం గురించి, అంటే అవసరానికి మించి పోగేసుకోకపోవడం గురించి మాట్లాడుకున్నాం. అది చూసి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు పంపిన ప్రశ్న నన్ను రెండు మూడు రోజులు వదల్లేదు. వయసు 28. సొంతూరు గుంటూరు దగ్గర. చిన్నప్పటి నుంచి కార్లంటే ప్రాణం. ఇప్పుడు ఒక పోర్షే బాక్స్‌స్టర్, రెండు సీట్లది, టాపు తీసేసుకోగలిగేది, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవాలని ఉంది. లేకపోతే కొత్త కార్వెట్ కన్వర్టిబుల్. వాళ్ళమ్మ "ముందు ఇక్కడ ఇంటి మీద పై అంతస్తు వేయించరా" అంటోంది. రూమ్మేట్ "నీ డబ్బు, నీ ఇష్టం" అంటున్నాడు. తమ్ముడు అడిగింది ఇది: "అన్నా, ఇది నాకు అవసరం కాదు, కోరిక. తెలిసి తెలిసి కోరిక కోసం అంత డబ్బు పెట్టడం అధర్మమా?"

రెండు నిమిషాల్లో తేల్చేసే ప్రశ్న కాదిది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ కారేంటో చూద్దాం

దేన్ని కాదంటున్నామో తెలియకుండా కాదనడం న్యాయం కాదు కదండీ. మామూలు కార్లలో ఇంజన్ ముందు ఉంటుంది. ఈ మిడ్ ఇంజన్ కార్లలో సీట్ల వెనక, వెనక ఇరుసుకి ముందు ఉంటుంది. అంటే బాగా బరువైన భాగం బండి మధ్యకి వచ్చేస్తుంది. కావడి మోసే మనిషిని గుర్తు తెచ్చుకోండి. బరువు రెండు చివర్లా ఉంటే గబుక్కున పక్కకి తిరగలేడు. అదే బరువుని బిందెలో పెట్టుకుని చంకనెత్తుకుంటే ఇట్టే తిరుగుతాడు. మిడ్ ఇంజన్ కారు మలుపులో తిరిగేది ఇలాగే. అయితే సులువుగా తిరిగేది సులువుగా గిరగిరా కూడా తిరుగుతుంది. టైరు పట్టు తప్పితే సర్దుకోవడానికి నడిపేవాడికి దొరికే టైమ్ తక్కువ.

బాక్స్‌స్టర్ 1996లో అమ్మకానికి వచ్చింది. 2012లో వచ్చిన మోడల్‌లో గుడ్డ టాపు 9 సెకన్లలో మడత పడుతుంది, గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నా సరే. కార్వెట్ కథ ఇంకా బాగుంటుంది. 1953లో మొదలైన ఆ కారుని మిడ్ ఇంజన్‌గా మార్చాలని జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు, నమూనా బళ్ళు తయారు చేయించాడు. కంపెనీ ఒప్పుకోలేదు. ఆయన 1975లో రిటైరయ్యాడు, 1996లో పోయాడు. మిడ్ ఇంజన్ కార్వెట్ జనం ముందుకొచ్చింది 2019లో. ఫలం కళ్ళ చూడకుండానే వెళ్ళిపోయాడన్నమాట. విశ్వకర్మకి దండం పెట్టే సంప్రదాయం మనది. ఇంతమంది బుర్ర, చెయ్యి పెట్టి చేసిన వస్తువుని "వట్టి ఇనుము" అని తీసిపారేస్తే అది వైరాగ్యం అనిపించుకోదు.

కోరిక ఉండటమే తప్పా?

పురుషార్థాలు నాలుగు: ధర్మం, అర్థం, కామం, మోక్షం. మూడోది పొరపాటున జాబితాలోకి జొరబడింది కాదు. పెద్దలు చూసి చూసి పెట్టినదే. గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు ధర్మానికి అడ్డురాని కోరికని తన స్వరూపంలోనే లెక్కేస్తాడు. మన వేంకటేశ్వరస్వామికి బ్రహ్మోత్సవాల్లో ఎన్ని వాహనాలు! గరుడ వాహనం రోజున తిరుమల మాడవీధుల్లో కిక్కిరిసిన జనాన్ని చూసి "ఇంత వైభవం ఎందుకు" అని ఎవరైనా అడుగుతారా?

కాబట్టి "అవసరం కాదు" అన్నంత మాత్రాన అధర్మం అయిపోదు. సంగీతం అవసరమా? జడలో మల్లెపూలు అవసరమా? అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ భోగం ఎవరి ఖాతాలోంచి జరుగుతోంది?

యయాతి చేసిన అప్పు

మహాభారతం ఆదిపర్వంలో యయాతి కథ ఉంది. శుక్రాచార్యుడి శాపంతో ఆయనకి అకాలంగా ముసలితనం వచ్చింది. కోరికలు మాత్రం తీరలేదు. కొడుకులు అయిదుగురినీ పిలిచి "నా ముసలితనం తీసుకుని మీ యౌవనం ఇవ్వండి" అని అడిగాడు. నలుగురు కాదన్నారు. చిన్నవాడు పూరుడు ఒప్పుకున్నాడు. వెయ్యేళ్ళు అనుభవించాక యయాతికి తెలిసొచ్చింది, అనుభవిస్తే కోరిక చల్లారదని. అప్పుడు యౌవనం తిరిగిచ్చేశాడు.

ఈ కథలో నీతి "కోరికలకి అంతు లేదు" అని అందరం చెప్పుకుంటాం. నిజమే. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాత్రం పూరుడు. తండ్రి భోగాల్లో ఉన్న ఆ వెయ్యేళ్ళూ ముసలితనం మోసింది ఎవరు? భోగం ఒకరిది, దాని ఖరీదు ఇంకొకరిది. అధర్మం అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు కారు లోన్ దగ్గరికి రండి. ఉదాహరణకి 40,000 డాలర్లు, 8 శాతం వడ్డీ, 72 నెలలు అనుకుందాం. నెలకి దాదాపు 701 డాలర్లు కట్టాలి. ఆరేళ్ళు అయ్యేసరికి కట్టేది దాదాపు 50,500. అంటే వడ్డీయే 10,500. 28 ఏళ్ళ కుర్రాడు ఇవాళ సంతకం పెడితే, ఆఖరి కంతు కట్టేది 34 ఏళ్ళ గృహస్థు. అప్పటికి పెళ్ళి అయి ఉండొచ్చు, పాప పుట్టి ఉండొచ్చు, నాన్నకి ఆపరేషన్ కావచ్చు. ఆ 34 ఏళ్ళ మనిషే ఇక్కడ పూరుడు. పూరుడినైనా యయాతి అడిగి తీసుకున్నాడు. మనం అడగను కూడా అడగం.

ఇంకో మాట. తమ్ముడు ఉన్నది హెచ్-1బి వీసా మీద. ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం చూసుకోవడానికి, లేదా దేశం వదలడానికి దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. అరవై రోజుల భరోసా మీద ఆరేళ్ళ అప్పు. ఈ రెండు అంకెల్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడండి. ఏ పంతులూ ఏ శాస్త్రమూ చెప్పక్కర్లేదు.

"స్వామివారే కుబేరుడి దగ్గర అప్పు చేశారు కదా" అంటారు కొంతమంది. చేశారు, పద్మావతీదేవితో కల్యాణానికి. కలియుగం అంతమయ్యేదాకా వడ్డీ కడుతూనే ఉంటారని కదా ఆ కథ! అప్పు చెయ్యడానికి అనుమతి మాత్రం కనిపించి, వడ్డీ కనిపించకపోతే కథ సగమే విన్నట్టు.

కొత్తదా, వాడినదా?

కార్వెట్ కన్వర్టిబుల్ ధర మొదటి ఏడాది 67,495 డాలర్ల దగ్గర మొదలైంది, తర్వాత ఇంకా పెరిగింది. మామూలుగా కొత్త కారు షోరూమ్ గేటు దాటగానే విలువ పడిపోవడం మొదలెడుతుంది. వాడిన కారుకి ఆ నష్టంలో పెద్ద భాగం ఎవరో ముందే భరించేశారు. లెక్క ప్రకారం పాతదే మేలు. కానీ మనవాళ్ళకి ఇక్కడో శంక వస్తుంది. ఒకరు వాడి వదిలేసింది, ఎంగిలి కదా? వాళ్ళ దోషాలేవో మనకి చుట్టుకుంటాయా? పాత బండికి వాహన పూజ చేయించొచ్చా?

దీనికి జవాబు అర్జునుడి రథం. ఖాండవ దహనం ముందు అగ్నిదేవుడు అడిగితే వరుణుడు అర్జునుడికి గాండీవం, అక్షయ తూణీరాలు, కపిధ్వజం ఉన్న రథం ఇచ్చాడు. ఆ విల్లు అంతకుముందు సోముడిది. ఆ రథమెక్కే సోముడు దానవుల్ని గెలిచాడని భారతం చెబుతుంది. అంటే కురుక్షేత్రంలో సాక్షాత్తు కృష్ణుడు సారథ్యం చేసిన రథం సెకండ్ హ్యాండ్ అండి! దానిమీద కూర్చునే అర్జునుడు గీత విన్నాడు. ఇక దసరాకి ఆయుధ పూజ రోజున మనం పూజ చేసేవి ఏవి? ఏడాదంతా వాడిన పనిముట్లే. కాబట్టి పూజ నిశ్చింతగా చేయించుకోండి. చక్రాల కింద నిమ్మకాయలకి మొదటి ఓనరా రెండో ఓనరా తెలియదు.

అయితే పాత ఓనరు దగ్గర్నుంచి నిజంగా మనకి వచ్చేది ఒకటుంది. ఆయన శ్రద్ధ, లేదా అశ్రద్ధ. అది జాతకంలో కనిపించదు, సర్వీస్ రికార్డులో కనిపిస్తుంది. బాక్స్‌స్టర్ పాత మోడళ్ళ ఇంజన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ ఒకటి ఉండేది. అది అరిగి విరిగితే ఇంజన్ మొత్తం పోయే ప్రమాదం ఉందని ఆ కార్లు తెలిసిన ప్రతి మెకానిక్కీ తెలుసు. 2009 మోడల్‌తో వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టే తీసేశారు. టాపు దగ్గర వాననీరు పోయే గొట్టాల్లో ఆకులు నిండితే నీళ్ళు కారు లోపలికి దిగుతాయి. ఇవన్నీ అమ్మేవాడి మెకానిక్‌తో కాకుండా, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న మెకానిక్‌తో చూపించండి. టైటిల్ కాగితం మీద సాల్వేజ్ ముద్ర ఉందేమో చూడండి. దిష్టి తీయించే ముందు బండిని లిఫ్ట్ మీద పెట్టించి కింద చూడాలి.

అమ్మేవాడికీ ఇక్కడ ధర్మం ఉంది. శాంతిపర్వంలో జాజలి అనే తపస్వికి తన తపస్సు చూసి గర్వం వస్తే, కాశీలో తులాధారుడనే వర్తకుడి దగ్గర ధర్మం నేర్చుకోవాల్సి వస్తుంది. ఆ వర్తకుడి గొప్పతనం? తక్కెడ అందరికీ ఒకేలా పట్టడం. ఏదో ఒక రోజు మీరూ ఈ కారు అమ్ముతారు. ఆ రోజు దాని జబ్బులన్నీ చెప్పి అమ్మగలగడం, నా దృష్టిలో, ఏ వ్రతానికీ తక్కువ కాదు.

మరి అమ్మ మాట?

ఇది అన్నిటికన్నా సున్నితమైనది. మీరు ఇంతకుముందే "వేయిస్తానమ్మా" అని మాట ఇచ్చి ఉంటే చర్చే లేదు, ముందు అదే. ఇంట్లో చోటు చాలక ఇబ్బంది పడుతున్నా, కింది స్లాబు కారుతున్నా ముందు అదే. పితృ ఋణం అంటే ఏటా తద్దినం పెట్టడం ఒక్కటే కాదు, బతికున్నప్పుడు వాళ్ళ ఇబ్బంది చూడటం కూడా.

కానీ ఇద్దరే ఉన్న ఇంటి మీద, వీధిలో అందరూ వేశారు కాబట్టి వెయ్యాలనుకునే పై అంతస్తు అయితే, అమ్మ మీద గౌరవంతోనే చెబుతున్నాను, అది కూడా కోరికే. అమ్మ కోరిక సిమెంటుతో కట్టింది, కొడుకు కోరిక చక్రాల మీద ఉంది. రెండింటికీ ఒకే తక్కెడ పట్టాలి. ఎవరూ చూడకపోయినా ఇది కావాలా? ఇన్‌స్టాలో ఒక్క ఫొటో కూడా పెట్టను అని ముందే అనుకుని, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద టాపు తీసి ఒక్కడివే వెళ్ళడం ఊహించుకో. అప్పటికీ మనసు లాగుతోందా? అయితే ఆ ఆనందం నీదే. ఫొటో లేకపోతే వద్దనిపిస్తే మాత్రం, నువ్వు కొంటున్నది కారు కాదు, పక్కవాళ్ళ చూపు. దానికి ఎంత పెట్టినా చాలదు.

ఇంకో పరీక్ష, బాగా తేలికైనది. ఆ ధరని రూపాయల్లోకి మార్చి, తగ్గించకుండా అమ్మకి ఫోన్లో చెప్పగలవా? చెప్పడానికి నోరు రాకపోతే ఇంకా టైమ్ రాలేదని అర్థం. అమ్మ ఒప్పుకోవాలని కాదు నేననేది. దాచిపెట్టి అనుభవించేది సుఖం ఇవ్వదు.

నా జవాబు

తమ్ముడూ, కొనుక్కోవడం అధర్మం కాదు. ఇచ్చిన మాటలు ముందు తీర్చు. ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టు. ఆ తర్వాత మిగిలిన నీ డబ్బుతో, లేదా ఏడాదిలో తీరిపోయే చిన్న అప్పుతో, బాగా చూసుకున్న పాత బాక్స్‌స్టర్ దొరికితే తీసుకో. కొత్త కార్వెట్‌కి ఆరేళ్ళ లోన్ అవసరమైతే వదిలెయ్. అది నీ 34 ఏళ్ళ పూరుడి సొమ్ము. వేగం చూడాలనుంటే డబ్బు కట్టి రేస్ ట్రాక్ మీద, నేర్పేవాళ్ళని పక్కన పెట్టుకుని చూడు. స్కూల్ బస్సులు తిరిగే రోడ్డు మీద నీ సరదాకి వేరేవాళ్ళ పిల్లలు ఖరీదు కట్టకూడదు. ఇది కూడా యయాతి లెక్కే.

కొన్నాక దాన్ని పట్టుకుని వేలాడకు. యుద్ధం ముగిశాక కృష్ణుడు ముందు అర్జునుణ్ణి దిగమని, తర్వాత తను దిగాడు. మరుక్షణం ఆ దివ్యరథం కాలి బూడిదైపోయింది. మహాప్రస్థానానికి బయల్దేరాక గాండీవాన్ని కూడా అగ్నిదేవుడు అడిగితే నీళ్ళలో వదిలి వరుణుడికి తిరిగిచ్చేశాడు. ఎక్కినన్నాళ్ళు ధర్మంగా ఎక్కాడు, దిగాల్సిన రోజు దిగాడు. మన చేతికి వచ్చే ఏ తాళమైనా అంతే, కొత్తదైనా పాతదైనా.

వచ్చే వారం ఋణత్రయం గురించి వివరంగా మాట్లాడుకుందాం. అంతవరకు శుభం.