ఎట్ల ఎరుక నీకు?

నిజామాబాద్‌లో నేను డిగ్రీ చదివింది హెచ్ఈపీ: చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం. మా అక్క బిడ్డ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్నది పీపీఈ. మూడింట్లో రెండు అవే. మాకు చరిత్ర ఉన్న చోట వాళ్లకు తత్వశాస్త్రం ఉంది. 1920లో మొదలైన కోర్సు. అక్కడ డిగ్రీకి ఫిలాసఫీ ఒక్కటే తీసుకుంటానంటే కుదరదట, పక్కన ఇంకో సబ్జెక్టు ఉండాల్సిందే. "ఫిలాసఫీ చదివి ఏం చేస్తవ్?" అని మనవాళ్లు అడిగేదానికి వాళ్లు నూరేళ్ల కిందనే సగం జవాబు రాసిపెట్టుకున్నట్టుంది.

పైపైన చూస్తే ఏర్పాటు కూడా మనలాంటిదే. చేర్చుకుని చదివించేది కాలేజీ, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. మా రోజుల్లో ఇందూరు (నిజామాబాద్) కాలేజీలకు ఉస్మానియా పెద్దదిక్కు; 2006లో తెలంగాణ యూనివర్సిటీ ఏర్పడ్డాక డిచ్‌పల్లి. తేడా అంతా వారానికో గంటలో ఉంది. విద్యార్థులు ఇద్దరో ముగ్గురో వ్యాసం రాసుకుని ట్యూటర్ గదికి వెళ్తారు. నమ్మదగినవాళ్ల మాటను ప్రమాణంగా తీసుకోవచ్చని మా కోడలు పిల్ల రాసిందట. "నమ్మదగినవాళ్లని నీకెలా తెలిసింది?" అని ట్యూటర్ అడిగి ఊరుకున్నాడట. ఆ ఊరుకోవడం ఉంది చూడండి, అది మాకు దొరకలేదు. పది మార్కుల జవాబుకు ఆరు పాయింట్లు, కింద స్కేలుతో గీత, సారు అడిగేది "రాసుకున్నరా?" అని.

ఫిలాసఫీ కడుపు నిండినవాళ్ల చదువు అనేవాళ్లకు రాధాకృష్ణన్ సంగతి చెప్తాను. మద్రాసులో ఆయన ఫిలాసఫీ తీసుకున్నది జ్ఞానతృష్ణతో కాదు. డిగ్రీ అయిపోయిన చుట్టం ఒకాయన తన పుస్తకాలు ఇచ్చాడు, కొనే ఖర్చు తప్పింది. ఆయనే 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు.

సెలవులకు వచ్చినప్పుడు కోడలు పిల్ల ఆ ట్యూటర్ ప్రశ్నను బోధన్ దగ్గర మా ఊరికి మోసుకొచ్చింది. మా నాయన ఏమీ మాట్లాడకుండా రేకు సందుక తెరిచి, తీగకు గుచ్చిన చెరకు చీటీలు బయటికి తీశాడు. అన్నీ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ కాలం నాటివి. కార్బన్ అక్షరాలు ఊదారంగుకు తిరిగాయి. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, మిగిలింది చెరకు.

"తూకం నువ్వు చూసినవా తాతా?"

"చూసిన. కాటా కాడనే నిలబడ్డ."

"మరి రికవరీ?"

"అది వాళ్లు చెప్పుడే. అందరి చెరకు కలిపి లెక్క తీస్తరు. నా చెరకుల తీపెంతో నా నోటికి ఎరుక, కాయితానికి ఎరుక లేదు."

చెరకు వేయనివాళ్ల కోసం ఒక మాట. వంద కిలోల చెరకులో ఎన్ని కిలోల చక్కెర వచ్చిందన్నదే రికవరీ. ధర దాని మీదే నిలబడుతుంది: 2024–25 సీజన్‌కు కేంద్రం 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 340 రూపాయలని నిర్ణయించింది. తూకం రైతు కళ్లముందే జరుగుతుంది, రికవరీ లేబొరేటరీలో తేలుతుంది. ఒకటి ప్రత్యక్షం, అంటే కళ్లతో చూసింది; ఒకటి శబ్దం, అంటే ఒకరు చెప్తే తెలిసింది. తూకాన్ని రికవరీని బట్టి వచ్చే ధరతో గుణిస్తే బిల్లు.

"కెమిస్టు చెప్తే ఎట్ల నమ్మినవ్?" అంది పిల్ల.

"ఆయన మా ఊరోడు కాదు, మా కులపోడు కాదు. కని పంట పాడైన ఏడు తక్కువ చెప్పేది, మంచిగున్న ఏడు ఎక్కువ చెప్పేది. మాకు గూడ చేన్ల కనపడేది గదా."

ఆమె పుస్తకంలో తత్వవేత్త హ్యూమ్ ఉన్నాడు. సాక్షుల మాట నిజమవుతూ వచ్చిందన్న అనుభవమే మనం నమ్మడానికి ఆధారమని ఆయన వాదన. మా నాయన మాట కొంత అటే పోతుంది. కానీ ఊరు, కులం ఎత్తాడే, దానికి న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు కావాలి (కామసూత్రాలాయన వేరు). సంగతి స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి, అలాంటివాడు ఆప్తుడు. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఇదే లక్షణమన్నాడాయన. కెమిస్టుకు మొదటిది ఉంది. చిక్కంతా రెండోదానితోనే, ఎందుకంటే ఏ ఫ్యాక్టరీ కెమిస్టుకైనా జీతమిచ్చేది ఫ్యాక్టరీయే. నన్నడిగితే ఇందూరు డిగ్రీ క్లాసులో తత్వశాస్త్రం ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. క్లాసులో సగం మంది ఇళ్లలో చీటీలున్న రోజుల్లో ఆ పని ఎవరూ చేయలేదు. 1937 నాటి ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. మా చేన్లో ఇప్పుడు వరి.

అక్టోబరులో టర్మ్ మొదలైంది. తాత ఉదాహరణతోనే కొత్త వ్యాసం చదివి వినిపించిందట. ట్యూటర్ అంతా విని, "మీ తాత ఆ మాట నమ్మితే చీటీలు ఇన్నేళ్లు ఎందుకు దాచాడు?" అన్నాడట. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. మా నాయన తడుముకోలేదు.

"నాకోసం దాసిన్ననా? ఇంత పండిచ్చిన్నంటే మీ మామ నమ్మడు, అందుకు దాసిన."

వచ్చే వారం వ్యాసంలోకి నేనూ ఎక్కేటట్టున్నాను.