ఆ బోధలో క్రీస్తు ఎక్కడున్నాడు?

విశాఖ పూర్ణా మార్కెట్‌లో తక్కెడ పట్టిన ప్రతి కొట్టులోనూ తూనిక రాళ్ల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. రాళ్లను రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలను ఏడాదికోసారి సరిచూపించుకోవాలని నిబంధన. ఏళ్ల తరబడి వాడితే రాయి అరుగుతుంది. అరిగిన సంగతి అమ్మేవాడికీ తెలియకపోవచ్చు, కొనేవాడికీ తెలియకపోవచ్చు. పక్క కొట్టు రాయి తెచ్చి పోల్చి చూస్తే నిజం తేలదు, అదీ అరిగి ఉండొచ్చు కదా. అందుకే శాఖ దగ్గర భద్రంగా ఉన్న ప్రామాణిక తూనికతోనే పోల్చి చూస్తారు. మన సంఘాల్లో బోధ విషయానికి వచ్చేసరికి ఈ పని జరగడం లేదు. ఒక దైవజనుడి మాటను ఇంకో దైవజనుడి మాటతో పోలుస్తున్నాం. ఎవరి సభకు జనం ఎక్కువ వచ్చారో, ఎవరి గొంతు కదిలించిందో, ఎవరి ప్రార్థనకు స్వస్థతలు జరిగాయని చెప్పుకుంటున్నారో చూసి తీర్పు చెప్పేస్తున్నాం.

బేరాలు పలచబడ్డ మధ్యాహ్నం వేళ గంప పక్కన ఫోను పెట్టుకుని ప్రసంగం వినే అమ్మలు విశాఖ బజార్లకు కొత్త కాదు. ఒక ప్రసంగం అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. ఒకాయన ఓర్పు నేర్పుతాడు, ఆ వెంటనే మరొకాయన ఓర్పు అవిశ్వాసమంటాడు. వాక్యం మీద ఆకలి మంచిదే, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ తల్లికి ఒక్క ప్రశ్న చేతికివ్వాలని నా ఆశ: ఈ బోధలో క్రీస్తు ఎక్కడున్నాడు?

ఈ ప్రశ్న అడగడానికి విశాఖ క్రైస్తవులకు ప్రత్యేకమైన హక్కుంది. మార్కెట్‌కు కాలినడక దూరంలో ఉన్న వన్‌టౌన్, ఒకప్పటి విశాఖపట్నమంతా అదే. అక్కడికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. తమిళదేశంలోని జర్మన్ మిషనరీల దగ్గర క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్లతో కలిశాడు. ముగ్గురి శ్రమతో సువార్తలు తెలుగులోకి రావడం మొదలైంది. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ కళ్లతో చూడలేదు. వాళ్ల తర్వాత ఇదే ఊళ్లో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. అంతకు ముందు, 1730 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదం ఒకటి ఉంది గానీ అది అచ్చుకు నోచుకోలేదు.

తెలుగువాడి చేతికి అచ్చులో మొదట వచ్చిన బైబిల్ భాగాలు సువార్తలు. ఏ బోధకుడి వ్యాఖ్యానమూ అవసరం లేకుండా, యేసు ఎలా నడిచాడో, ఎవరిని ముట్టుకున్నాడో, ఎవరి ఇంట భోంచేశాడో, ఎలా చనిపోయాడో, ఎలా తిరిగి లేచాడో చదువుకునే అవకాశం ఈ ఊరి నుంచి మొదలైంది. రెండు వందల ఏళ్ల కిందటే కొలత మన చేతికి వచ్చింది. దాన్ని అటక మీద పెట్టి బోధకుడి ముఖం చూసి తూకం ఒప్పుకోవడం ఆ మనుషుల ఆయుష్షుకు అన్యాయం.

క్రీస్తే కేంద్రమని అనడం తేలిక. ప్రతి సభ పోస్టరు మీదా ఆయన పేరుంటుంది, బోధకుడి ఫొటో కింద చిన్న అక్షరాల్లోనైనా. పేరుంటే చాలదు. కొరింథు సంఘానికి రాస్తూ పౌలు, వేరొక యేసును ప్రకటించేవాళ్లను మీరు సహిస్తున్నారని బాధపడ్డాడు. పేరు అదే, మనిషి వేరు. వచనాలున్నా చాలదు. అరణ్యంలో యేసును శోధించినవాడు కూడా కీర్తనల్లోంచే వచనం తీశాడు, వచనంలో తప్పు లేదు, వాడిన తీరులోనే తప్పు. అందుకని ఒక ప్రసంగంలో ఎన్ని వచనాలు దొర్లాయో లెక్కపెట్టడం వృథా. ఆ వచనాలన్నీ కలిసి మనల్ని ఎవరి దగ్గర నిలబెట్టాయన్నదే చూడాలి. కుష్ఠురోగిని ముట్టుకుని, శిష్యుల కాళ్లు కడిగి, ఊరి వెలుపల సిలువ మీద ప్రాణం విడిచిన ఆ యేసు దగ్గరా? లేక ఆయన పేరు పెట్టుకున్న మన కోరికల దగ్గరా?

ఇది ఊరికే మాటల పట్టింపు కాదనడానికి జర్మనీ చరిత్రే సాక్ష్యం. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చినప్పుడు జర్మన్ క్రైస్తవులు అనే ఉద్యమం అక్కడి ప్రొటెస్టెంట్ సంఘాల్లో పైచేయి సాధించింది. వాళ్లూ ఆరాధించారు, పాటలు పాడారు, యేసు నామం పలికారు. కానీ జాతిలో, రక్తంలో, నాయకుడిలో కూడా దేవుడి స్వరం వినిపిస్తోందన్నారు. యూదు మూలాలున్న పాస్టర్లను తొలగించాలన్నారు. యేసు యూదుడు కాడనేదాకా పోయారు కొందరు. 1934 మే నెలాఖరున బార్మెన్ పట్నంలో లూథరన్, రిఫార్మ్‌డ్ తదితర సంఘాల ప్రతినిధులు కూడి, దానికి ఎదురుగా ఒక ప్రకటన చేశారు. వేదాంతి కార్ల్ బార్త్ ప్రధానంగా రాసిన ఆ ప్రకటన మొదటి అంశం సారాంశం ఇది: లేఖనాలు సాక్ష్యమిచ్చే యేసుక్రీస్తే మేం వినవలసిన, లోబడవలసిన దేవుని ఏకైక వాక్కు, ఆయన పక్కన ఇంకో శక్తినో, ఇంకో వ్యక్తినో పెట్టి దాన్నీ దేవుని ప్రత్యక్షత అంటే ఒప్పుకోం. ఎంత ధైర్యం కావాలి ఆ రోజుల్లో అలా రాయడానికి! అంత గొప్ప ప్రకటనలోనూ హింసకు గురవుతున్న యూదుల ఊసు లేదు. ఆ లోపం తనదేనని బార్త్ ముసలితనంలో ఒప్పుకున్నాడు. కేంద్రాన్ని సరిగ్గా చూపించినవాళ్లు కూడా ఆ కేంద్రం ఎవరి పక్కన నిలబడి ఉందో చూడలేకపోయారు. ఈ సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అది మన ఇంటి సంగతి కూడా.

ముందు ఇంకో తల్లి సంగతి. బిడ్డ జబ్బు తగ్గక ఒక సభ తర్వాత ఇంకో సభకు తిరిగిన అమ్మ ఒకావిడ నాతో అన్న మాట చెవుల్లోంచి పోదు. "నా నమ్మకం చాల్లేదంట బాబూ, అందుకే పిల్లడికి నయం కాలేదంట. నేనింకేటి సెయ్యాల?" బిడ్డ జబ్బు ఒక బరువైతే, ఆ జబ్బుకు తన అవిశ్వాసమే కారణమన్న మాట రెండో బరువు. మొదటిది ఎవరి తప్పూ కాదు. రెండోది బోధ మోపిన బరువు.

ఆ బోధను క్రీస్తు దగ్గరికి తీసుకెళ్లి చూద్దాం. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు ఎవరి పాపమని అడిగారు. వాడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడాయన. యోహాను సువార్త 9వ అధ్యాయం చదివినవాళ్లు ఆ తల్లిని నిందించలేరు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప దొరికింది. త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి రావలసి వచ్చిందని ఆయనే తిమోతికి రాశాడు. తరచూ వచ్చే కడుపు జబ్బుకు తిమోతికి చెప్పింది చిన్న నాటువైద్యం లాంటి సలహా, విశ్వాసం పెంచుకోమని కాదు. వీటన్నిటికీ మించి గెత్సేమనే తోట ఉంది. ఈ గిన్నె తొలగించమని చెమట రక్తపు బిందువుల్లా కారుతుండగా కుమారుడు ప్రార్థించాడు. గిన్నె తొలగలేదు. అడిగింది దొరకకపోతే నమ్మకం చాలలేదని అర్థమైతే, ఆ రాత్రి ఎవరి నమ్మకం చాలలేదు? ఈ ప్రశ్న ముందు నిలబడలేని బోధ ఎంత ఉత్సాహం కలిగించినా క్రీస్తుది కాదు. దేవుడు స్వస్థపరచడని నేననడం లేదు. స్వస్థత కోసం ప్రార్థించాలి, కన్నీళ్లతో ప్రార్థించాలి. తగ్గని రోజున ఆ తల్లి పక్కన కూర్చోవాలి. కేజీహెచ్ ఆసుపత్రికి తోడు వెళ్లడం కూడా ప్రార్థనలో భాగమే.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఉచితంగా పొందారు, ఉచితంగానే ఇవ్వండని యేసు పంపిన మనుషుల పేరు చెప్పుకుని, తైలం సీసాకు వెల కట్టేవాడి సంగతి అపొస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో గారడీ సీమోనుకు పేతురు చెప్పిన జవాబులోనే ఉంది. రాకడకు తేదీలు కట్టేవాళ్లదీ అంతే. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు ఎదురుచూసి గుండె పగిలి మిగిలారు. ఆ దినం తనకు కూడా తెలియదన్న కుమారుడి కంటే ఎక్కువ తెలిసినవాడు మనకెందుకు?

దీనికంటే కష్టమైన తూకం ఒకటుంది, అది మన తెలుగు గడ్డ మీదే జరిగింది. మునిపల్లెలో బడిపంతులుగా ఉన్న కలగర సుబ్బారావు, 1912లో పుట్టి 1981లో పోయినవాడు, క్రైస్తవ మతాన్ని ద్వేషిస్తున్న రోజుల్లోనే 1942లో తనకు క్రీస్తు దర్శనమిచ్చాడని చెప్పాడు. ఆ తర్వాత జీవితమంతా క్రీస్తుదే. రోగుల కోసం ప్రార్థించాడు, పాటలు రాశాడు, ఆయన చుట్టూ వేలాదిగా చేరారు. బాప్తిస్మం వద్దన్నాడు, సంఘం వద్దన్నాడు, పాద్రీల పెత్తనాన్ని తూర్పారబట్టాడు. క్రీస్తు చాలు, మతం వద్దు. ఇంతకంటే క్రీస్తు కేంద్రమైన మాట ఇంకేముంటుంది అనిపిస్తుంది. పెత్తనం గురించి ఆయన అన్న మాటలు ఇవాళ్టి చాలామంది బోధకులు రోజూ వినవలసినవని నేను నమ్ముతాను. కానీ సువార్తల్లోని క్రీస్తు ఒంటరిగా దర్శనాలు పంచి వెళ్లిపోలేదు. పన్నెండుమందిని పోగుచేశాడు. యొర్దానులో తానే దిగాడు. రొట్టె విరిచి, కలిసి చేయమన్నాడు. ఆయన స్వయంగా ఇచ్చినవాటిని ఆయన పేరుతోనే పక్కన పెడితే, అక్కడ కేంద్రంలో ఉన్నది మనం చూసిన దర్శనం, ఆయన కాదు. సుబ్బారావు భక్తిని శంకించే హక్కు నాకు లేదు. ఆయన బోధను తూచి చూసే బాధ్యత మాత్రం ఉంది. మనిషికి తీర్పు తీర్చడం, బోధను పరీక్షించడం రెండూ వేర్వేరు పనులు. మొదటిది యేసు వద్దన్నాడు. రెండోది చేసినందుకు బెరయవాళ్లకు మెప్పు దక్కింది, వాళ్లు పరీక్షించింది సాక్షాత్తూ పౌలు బోధనే.

ఈ కొలత పొరుగువాడి ఇంటికి మోసుకెళ్లేది కాదని కూడా చెప్పుకోవాలి. పూర్ణా మార్కెట్‌లో దుర్గాలమ్మ గుడి ఉంది, బజారు చుట్టూ అన్ని మతాలవాళ్ల ఇళ్లూ కొట్లూ ఉన్నాయి. క్రీస్తు కేంద్రమా కాదా అన్న పరీక్ష, ఆయన పేరు చెప్పుకునే మా ఇంటి లోపలి బోధకే. తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలు కావాలని పేతురు రాశాడు.

ఇప్పుడు బార్త్ ఒప్పుకున్న లోపం దగ్గరికి. బోధ ప్రసంగ వేదిక మీంచి మాత్రమే రాదు. ఎవరి పక్కన కూర్చుంటాం, ఎవరి ఇంట మంచినీళ్లు తాగుతాం, పిల్లల సంబంధాలు ఎక్కడ వెతుకుతాం, ఇవన్నీ మాట్లాడని బోధలు. క్రైస్తవ వివాహ ప్రకటనల్లో ఫలానా కులం వారే సంప్రదించాలన్న ఒక్క వాక్యం ఏడాది ప్రసంగాలను రద్దు చేయగలదు. తప్పుడు బోధ అనగానే మనకు టీవీలో అరిచే ఎవరో గుర్తొస్తారు. కులం చూసి సంఘం మారే మన అలవాటు గుర్తు రాదు.

అంతియొకయలో పేతురు చేసింది అచ్చంగా ఇదే. అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులతో కలిసి భోంచేస్తూ ఉన్నవాడు, యెరూషలేము నుంచి కొందరు రాగానే జంకి, ఆ పంక్తిలోంచి లేచి పక్కకు జరిగాడు. నోటితో ఒక్క తప్పు మాట బోధించలేదు. అయినా పౌలు అందరి ముందే ఎదిరించాడు, ఆయన సువార్త సత్యం ప్రకారం నడవడం లేదని రాశాడు. భోజనం బల్ల దగ్గరి ప్రవర్తనను సువార్తతో తూచాడు. అలా తూకానికి వచ్చినవాడు పన్నెండుమందిలో మొదటివాడు, పెంతెకొస్తు రోజున ప్రసంగించినవాడు. తొలి సంఘం ఆ సంగతిని కప్పిపుచ్చలేదు. గలతీ పత్రికను లేఖనాల్లో ఉంచి, ఆరాధనల్లో బిగ్గరగా చదివింది. పేతురు పేరున ఉన్న రెండో పత్రిక చివర్లో, తనను అందరి ముందు నిలదీసిన ఆ పౌలునే ప్రియ సహోదరుడని పిలిచాడు.