ఏనుగుకు మద్యం పట్టించిందెవరు?

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, అమరావతి శిల్పాల మధ్య ఒక గుండ్రటి ఫలకం ఉంది. అందులో బౌద్ధ కథల్లోని నాలాగిరి అనే ఏనుగు రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకవైపు రాజగృహ వీధిలో జనాన్ని తొక్కుకుంటూ, తొండంతో ఒక మనిషిని పట్టుకుని దూసుకొస్తుంటుంది. మరోవైపు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. రెండూ ఒకే ఏనుగు.

కోపం వచ్చి పోయాక నాకు ఆ ఫలకం గుర్తొస్తుంది. పిల్లవాడి మీద అరిచిందీ నేనే, అరగంటకు వాడి తల నిమిరిందీ నేనే. ఇద్దరిలో అసలు నేనెవరిని?

ధ్యానం గురించిన బౌద్ధ బోధ సతిపట్ఠాన సుత్తం ఈ తగువులోకి దిగదు. మనసులో కోపం ఉంటే ఉందని, లేకపోతే లేదని తెలుసుకోమంటుంది. ‘నేను కోపిష్ఠిని’ అనుకుంటే ఇక దారి మూసుకుపోయినట్టే. ‘నాలో కోపం ఉంది’ అంటే అది వచ్చింది, పోతుంది కూడా. 2007లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపం, భయం నిండిన ముఖాలను చూపించి, ఆ భావానికి పేరు చెప్పమంది. పేరు చెప్పినప్పుడు చూసేవారి మెదడులో, భయం లాంటి భావాలకు స్పందించే అమిగ్డలా స్పందన తగ్గింది. ధ్యానంలో కూర్చున్నవాళ్లు ఏనాడో పట్టుకున్న కిటుకు ఇలా ప్రయోగశాలలోనూ కనబడింది.

అయితే ఇంతటితో సరిపోతుందా? 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ రోగుల కోసం మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఇవాళ ఆఫీసుల దాకా వచ్చింది. అర్ధరాత్రి దాకా పని చేయించుకుని, పొద్దున్నే పది నిమిషాలు కళ్లు మూసుకోమంటే అది కరుణ అవుతుందా? కోపం వెనక కారణమూ ఉంటుంది. నాలాగిరికి పిచ్చి దానంతట అదే ఎక్కలేదు. బుద్ధుడిపై పగబట్టిన దేవదత్తుడి కుట్రతో దానికి మద్యం పట్టించారు.

దళితులకు మహద్ చెరువు నీళ్ల హక్కు కోసం 1927లో పోరాడిన అంబేడ్కర్, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. అవమానాన్ని మరిచిపోవడానికి ఆయన బుద్ధుడి దగ్గరకు వెళ్లలేదు. మైత్రినీ న్యాయాన్నీ ఒకేచోట వెతుక్కుంటూ వెళ్లారు.

అందుకే ఈసారి కోపం వస్తే ముందు దానికి పేరు పెట్టండి. అది కాస్త చల్లబడ్డాక, మద్యం పట్టించిందెవరో కూడా అడగండి.