ఈ వెచ్చదనానికీ లెక్క ఉంది

డిసెంబరు వచ్చిందంటే సోమల, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లో ఫజర్ అజాన్ చెవిన పడినా దుప్పటి వదలబుద్ధి కాదు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. క్షయకు సరైన మందు లేని రోజుల్లో, ఇక్కడి గాలి రోగులకు మేలు చేస్తుందని 1915లో ఆ పట్టణం పక్కనే ఆరోగ్యవరంలో శానటోరియం తెరిచారు. ఎక్కడెక్కడి వారో వెతుక్కుంటూ వచ్చిన ఈ గాలి మనకు అడగకుండానే దక్కింది.

ఈ చలిలోనే మన ఇళ్ళకు ఒక కళ వస్తుంది. పెరట్లో నీళ్ళ కాగు కింద మంట రాజుకుంటుంది. పిల్లలు దాని చుట్టూ చేరి అరచేతులు కాచుకుంటారు. సంతలో అనపకాయలు రాశులు పోస్తారు. ఒలిచిన గింజల్ని రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వేళ్ళతో నొక్కితే, తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి జారుతుంది. పితికిపప్పు కూర, వేడి రాగిసంగటి మధ్యాహ్నానికి గాని సిద్ధం కావు. కాని అసలు ఆనందం ఆ పితకడంలోనే ఉంది. పని సగం, మాటలు సగం. ఒక పిల్లవాడు చెల్లెలి ముఖం మీదికి పప్పు చిమ్ముతాడు, దాదీమా మందలిస్తూనే నవ్వుతుంది. కువైట్‌లో పనిచేస్తున్న మన ప్రాంతం వాళ్ళను అడిగి చూడండి, ఇల్లంటే ఏం గుర్తుకొస్తుందని. పెళ్ళి విందులకంటే ముందు ఇలాంటి ఉదయాలనే చెబుతారు.

అయితే ధర్మం పట్ల శ్రద్ధ గల కొందరు యువకులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. ఇహలోక జీవితం ఆటపాటల వంటిదని దివ్యఖుర్ఆన్ హెచ్చరిస్తోంది కదా! పరలోకం కోసం తపించాల్సిన విశ్వాసి కంబళి వెచ్చదనంలోనూ, సంగటి ముద్ద రుచిలోనూ ఆనందం వెతుక్కోవడం గఫ్లత్ కాదా?

ఈ ప్రశ్న వెనుక ఉన్న భయాన్ని మేము గౌరవిస్తాము. దాన్ని తేలిగ్గా కొట్టివేయకూడదు. కాని 'నహ్ల్' సూరా చదివి చూడండి. అల్లాహ్ తన అనుగ్రహాలను వివరిస్తూ, పశువుల్లో మానవులకు వెచ్చదనం ఉన్న సంగతిని సూరా మొదట్లోనే ప్రస్తావించాడు. అదే సూరాలో మరోచోట, ఇళ్ళను మనకు ప్రశాంత నిలయాలుగా చేసినది తానేనని, జంతువుల ఉన్ని నుండి, బొచ్చు నుండి, వెంట్రుకల నుండి మనకు ఉపయోగపడే వస్తువులను ప్రసాదించినది తానేనని గుర్తు చేశాడు. గొర్రె ఉన్నితో నేసిన నల్ల కంబళి కప్పుకుని నిద్రపోయే మనలో ఎందరికి ఆ ఆయతు గుర్తుకు వస్తుంది? సృష్టికర్త స్వయంగా ఉపకారంగా పేర్కొన్న దాన్ని అనుభవించడం నేరమెలా అవుతుంది? పరిశుద్ధమైన ఆహారాన్ని నిషేధించినది ఎవరని 'ఆరాఫ్' సూరాలో ఆయన నిలదీశాడు కూడా.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన ధర్మసోదరుడు హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళిన వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఇల్లాలు మాసిన బట్టల్లో కనిపించింది. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనిలేదని చెప్పింది. భోజనం వచ్చింది. తాను ఉపవాసంలో ఉన్నానన్నారు అబూ దర్దా. మీరు తింటేనే నేనూ తింటానని పట్టుబట్టి సల్మాన్ ఆయన చేత తినిపించారు. రాత్రి నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. చివరి జాములో తానే లేపారు, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకే గాక ప్రాణానికీ, ఇంటివారికీ కూడా మనపై హక్కులున్నాయని ఆయన బోధించారు. ఆ సంగతి విని దైవప్రవక్త (సఅసం) సల్మాన్ మాటే సత్యమని ధ్రువీకరించారు. చలికాలపు రాత్రి దీర్ఘమైనది. కంటినిండా నిద్రపోయి కూడా తహజ్జుద్‌కు లేచే తీరిక వేసవి రాత్రుల్లో ఎక్కడిది?

వేడినీళ్ళ విషయంలోనూ ఇలాంటి సందేహమే వినిపిస్తుంది. చన్నీళ్ళతో వణుకుతూ వుజూ చేస్తేనే పుణ్యం ఎక్కువని కొందరి అభిప్రాయం. కష్టమనిపించే వేళ కూడా వుజూను సంపూర్ణంగా చేయడం పాపాలను తుడిచివేస్తుందని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చిన మాట నిజమే. కాని కాగులో వేడినీళ్ళు ఉండగా కావాలని కష్టాన్ని కొనితెచ్చుకోమని అందులో లేదు. హజ్రత్ ఉమర్ (రజి) వేడినీళ్ళతో వుజూ చేశారని ఇమామ్ బుఖారీ ప్రస్తావించారు. ఉమర్ (రజి) కంటే కఠిన జీవితం గడిపినవారు మనలో ఎవరున్నారు?

మరైతే ఆ యువకుల భయం అర్థం లేనిదా? కాదు. ఒకసారి ఆకలి భరించలేక దైవప్రవక్త (సఅసం), హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ముగ్గురూ ఇళ్ళు వదిలి బయటికి వచ్చారు. ఒక అన్సారీ సహాబీ ఇంటికి వెళ్ళారు. ఆయన మంచినీళ్ళ కోసం వెళ్ళి ఉన్నారు. తిరిగి వచ్చి అతిథుల్ని చూసి పొంగిపోయి ఖర్జూరపు గెల తెచ్చి ముందుంచారు, మేకను కోశారు. తిని, తాగి తృప్తి చెందిన తరువాత ప్రవక్త (సఅసం) తన సహచరులకు చెప్పినదేమిటి? ఈ అనుగ్రహం గురించి ప్రళయదినాన మీరు ప్రశ్నించబడతారని! ఆకలితో ఇల్లు వదిలినవారికి దొరికిన ఒక్కపూట భోజనానికే లెక్క ఉంటే, మన కంబళికి, కాగు నీళ్ళకు, పితికిపప్పుకు ఉండదా?

లెక్క ఉందంటే అనుభవించవద్దని అర్థం కాదు. వారు తినడం మానలేదు కదా! ఈ నేమత్ ఎవరి నుండి వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది తెలుసుకుని అనుభవించాలి. మొదటిదానికి జవాబు మనందరికీ తెలుసు, అల్హందులిల్లాహ్ అంటాము. రెండవదాని దగ్గరే మగవాళ్ళం తడబడతాము. ఫజర్‌కు ముందే లేచి కాగు కింద మంట వేసినది ఎవరు? రాత్రి అందరూ పడుకున్నాక గింజలు నానబెట్టినది ఎవరు? చన్నీళ్ళలో గిన్నెలు కడిగి వేళ్ళు పగిలినది ఎవరికి? ఇంటి యజమానికి చలికాలం హాయిగా గడిచిందంటే, చాలా ఇళ్ళలో ఆ హాయి వెనుక ఒక స్త్రీ తెగ్గోసుకున్న నిద్ర ఉంటుంది. ఆమె హక్కు చెల్లించకుండా చెప్పిన షుక్ర్ సగం షుక్రే. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కాగు కింద నాలుగు కట్టెలు మనం పెడితే మన గౌరవానికి లోటేమీ రాదు. ముందు లేచినవారు పొయ్యి వెలిగించాలన్న నియమం కొన్నాళ్ళు పెట్టి చూడండి, ఇంట్లో నవ్వులు కూడా పెరుగుతాయి.

ఇంటి గడప దాటితే ఈ లెక్క ఇంకా పెద్దది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున ఏనుగులు పంట మీద పడకుండా రాత్రంతా పొలంలో చలిమంట వేసుకుని మేలుకునే రైతులున్నారు. గొర్రెల మందతో బయలు నేల మీదే పడుకునే కాపరులున్నారు. మన కంబళి ఉన్ని వచ్చింది అలాంటి మందల నుండే. వారిలో ఒకరు మన పొరుగువారై ఉండవచ్చు. ఆ పొరుగువారు ముస్లిమా కాదా అన్న విచారణ ఇక్కడ అక్కరలేదు. కూర వండేటప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగింటికి కూడా పంపమని ప్రవక్త (సఅసం) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించారు. నీళ్ళు పోస్తే రుచి తగ్గదా అని వంటింట్లో నుండి ఒక మాట వస్తుంది. కొంచెం తగ్గుతుంది. పితికిపప్పు పులుసుకైతే అంత తేడా కూడా తెలియదు.