వైద్యుడు కాగోరుట ఎందుకు?



ఎండాకాలము వచ్చినదంటే మన సంఘములలో ప్రార్థన మనవులు ఒక దారి పట్టును. "అయ్యగారూ, మా అబ్బాయి నీట్ పరీక్ష వ్రాయుచున్నాడండి, ప్రార్థన చేయండి" అని తల్లులు అడుగుదురు. 2024వ సంవత్సరములో దేశమంతట 23 లక్షల మందికి పైగా ఆ పరీక్ష వ్రాసిరి. ఆ యేట ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము పైన మాత్రమే ఉండెను. ఇంతమంది కోరుచున్న ఈ వృత్తిని నీవెందుకు కోరుచున్నావని ఒక పిల్లవానిని అడిగితిమా, "సేవ చేయుటకండి" అని వెంటనే చెప్పును. మంచి మాటయే. అయితే బడిపంతులు సేవ చేయుట లేదా? ధాన్యము పండించు రైతు సేవ చేయుట లేదా? మరి నీకు వైద్యమే ఏల? అని రెండవ ప్రశ్న వేయగానే చాలమంది మౌనముగా ఉందురు. ఆ మౌనమును గూర్చియే ఈ నాలుగు మాటలు.

కొందరు ఇట్లు వాదింతురు: ఉద్దేశముతో పనియేమి? డబ్బు కొరకు ఇచ్చిన మందైనను జ్వరము తగ్గించును; ప్రేమతో ఇచ్చినదైనను తప్పు మందైతే ప్రాణము తీయును. ఈ వాదములో సత్యమున్నది. చేయి వణకు దయామయునికంటె చేయి నిలిచిన ఆశపోతే శస్త్రచికిత్సకు మేలు. కాబట్టి మంచి ఉద్దేశముగల విద్యార్థి చేయవలసిన మొదటి సేవ ఏదనగా, రాత్రి మేల్కొని పాఠము చదువుటయే. చదువని దయ రోగికి ఆపద.

అయినను ఆ వాదము అంతటితో ముగియదు. సంతలో బియ్యము కొనునప్పుడు గింజ కొరికి చూతుము, తూకము చూచుకొందుము. ఆసుపత్రిలో "స్కాను తీయవలెను, ఆపరేషను చేయవలెను" అని డాక్టరుగారు చెప్పినప్పుడు ఏ గింజ కొరికి చూతుము? పొలము తాకట్టు పెట్టియైనను డబ్బు తెచ్చెదము. ఆయనకు తెలిసినదానికిని మనకు తెలిసినదానికిని నడుమ గొప్ప అగాధమున్నది. ఆ అగాధముపై వేసిన వంతెన ఆ వైద్యుని మనస్సే. కాబట్టి ఉద్దేశము వైద్యమునకు వెలుపలిది కాదు. మందువలెనే అదియు వైద్యములో ఒక భాగము.

2 రాజులు 5వ అధ్యాయములోని గేహజీని జ్ఞాపకము చేసికొనుడి. నయమాను కుష్ఠము పోయినప్పుడు ఎలీషా కానుక ముట్టలేదు. గేహజీ రథము వెంట పరుగెత్తి, అబద్ధమాడి, వెండియు దుస్తులును తెచ్చుకొనెను. ఒక సంగతి గమనించుడి. గేహజీ దురాశవలన నయమానుకు కుష్ఠము తిరిగి రాలేదు. అతడు శుద్ధుడుగానే ఇల్లు చేరెను. కుష్ఠము గేహజీకి అంటుకొనెను. జీతము పుచ్చుకొనుట పాపమని నేను చెప్పుట లేదు. పనివాడు జీతమునకు అర్హుడని ప్రభువే లూకా 10వ అధ్యాయములో సెలవిచ్చెను. రోగి బాధను చూచి దానిలో తన లాభమును లెక్కించువానిని గూర్చి చెప్పుచున్నాను. రోగి బాగుపడినను అట్టివాడు బాగుపడడు.

మరి సరియైన ఉద్దేశము ఎక్కడనుండి పుట్టును? వెల్లూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడ్డర్ దొరసానిగారిని చూడుడి. 1870లో రాణిపేటలో మిషనరీ వైద్యుల ఇంట పుట్టినను ఆమెకు ఆ పని ఇష్టము లేదు. అమెరికాలోనే స్థిరపడవలెనని తలంచెను. 1890 ప్రాంతమున తల్లి అస్వస్థతను బట్టి తిండివనము వచ్చియుండగా, ఒకే రాత్రి ముగ్గురు మనుష్యులు, ఒకరి తరువాత ఒకరు, ఆ ఇంటి తలుపు తట్టిరి. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో ఉండిరి. ఆమె తండ్రి డాక్టరే. అయితే పరపురుషుడు తమ స్త్రీలను చూడరాదని వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఐడాగారు వైద్యము చదివి 1899లో పట్టము పొందిరి, 1900లో వెల్లూరులో పని ఆరంభించిరి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచిరి, 1960లో కన్నుమూసిరి. కోరిక ఆమె లోపల పుట్టలేదు. బయటనుండి వచ్చి తలుపు తట్టినది.

మన గుంటూరులోని కుగ్లర్ దొరసానిగారి సంగతియు వినదగినది. అన్నా కుగ్లర్‌గారు వైద్యపట్టము పొందియే 1883లో గుంటూరు చేరిరి. అయితే అప్పటికి మిషను వైద్యసేవకు సిద్ధముగా లేనందున, బడుల పనియు జెనానా పనియు ఆమెకు అప్పగింపబడెను. ఆమె ఆ పని చేయుచునే రోగులను చూచిరి. ఆసుపత్రి తెరువబడినది 1898లో. అనగా పదునైదేండ్ల తరువాత. 1930లో గుంటూరులోనే ఆమె మరణించిరి. ఆమెకు ఉద్యోగము పేరు దొరకకముందే పని దొరికినది. పేరు తీసివేసినను పని మిగులునా? ఎవడైనను తన ఉద్దేశమును పరీక్షించుకొనుటకు ఇంతకంటె మంచి ప్రశ్న నాకు తెలియదు.

మన పిల్లల ఉద్దేశములు కలగాపులగముగా ఉండును. జీతము, గౌరవము, తండ్రి కోరిక, ఊరివారి మెప్పు, అన్నియు కొంచెము కొంచెము ఉండును. అందుకు వారిని నిందింపరాదు. గోధుమలతో గురుగులు కలిసి పెరుగుట పొలమునకు సహజము. కొందరికి దుఃఖమే ఉద్దేశము. వాహనము దొరకక దారిలోనే నాయనమ్మ చనిపోయినదని ఒక పిల్ల డాక్టరు కాగోరును. అది మేలైన విత్తనము. అయితే మరణమును ఓడించుటకే బయలుదేరినవారు ఒకనాడు విరిగిపోవుదురు, ఏలయనగా ప్రతి వైద్యుని చేతిలోను కొందరు మరణింతురు. ఇక మందు లేదని తెలిసిన రోగి మంచము ప్రక్కను కూర్చుండగల మనస్సు కూడ వైద్యునికి కావలెను.

తలిదండ్రులారా, మీకొక మాట. ఇష్టము లేని బిడ్డను మీ గౌరవము కొరకు ఈ దారిలోనికి నెట్టకుడి. ఐడాగారి మనస్సును మార్చినది తండ్రి బలవంతము కాదు, రోగుల అక్కర. మీ బిడ్డ చేతిలో నలువది సంవత్సరములు పరుల బిడ్డలు పడియుందురు.

మంచి సమరయుని కథను నాలుగు సువార్తలలో లూకా ఒక్కడే వ్రాసెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు అతనిని వైద్యుడనియు తనకు ప్రియుడనియు పేర్కొనెను. ఆ సమరయునికి జాలి కలిగినది, నిజమే. అయితే జాలితో పాటు అతని యొద్ద నూనెయు ద్రాక్షారసమును ఉన్నవి, గాయము కట్టుట తెలిసిన చేతులున్నవి, పూటకూళ్లవానికి చెల్లించుటకు డబ్బున్నది, మరల వచ్చెదనన్న మాట ఉన్నది. దయ, విద్య, ధనము, నమ్మకము: నాలుగును గాయపడినవాని వైపుకే తిరిగియున్నవి.

కాబట్టి ఈ ఏడు మీ బిడ్డ కొరకు ప్రార్థన కోరునప్పుడు, ముందు ఒక ఉదయము ఆ బిడ్డను దగ్గరనున్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొని వెళ్లుడి. చీట్ల వరుస ప్రక్కను కూర్చుండబెట్టుడి. దగ్గుచున్న ముసలివానిని, బిడ్డనెత్తుకొని నిలిచిన తల్లిని చూడనీయుడి. తరువాత అడుగుడి: "వీరి కొరకు చదువగలవా?" సీటు వచ్చినను రాకపోయినను ఆ ఉదయము వ్యర్థము కాదు.